ఇంట్లో గంజాయి మొక్క పెంచవచ్చా? జర్మనీ, కెనడా, అమెరికా చట్టాల పోలిక, అక్కడి తెలుగువారికి సలహా

జర్మనీకి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మొదటి చలికాలం గడవక ముందే నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “అన్నా, ఇక్కడ ఇంట్లో మూడు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చట, నిజమేనా?” నిజమే. టొరంటోలో ఉన్న వాళ్ల స్నేహితుడు నాలుగు పెంచవచ్చంటాడు, కాలిఫోర్నియాలో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి ఆరు పెంచవచ్చంటాడు. ఈ మూడు సంఖ్యలూ ఆయా చట్టాలలో ఉన్నవే. అయినా, ఆరు మొక్కలకు అనుమతి ఉన్న చోటనే మనవాళ్లలో ఎక్కువమందికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం పొంచి ఉంది, మూడింటికే అనుమతి ఉన్న చోట అది చాలా తక్కువ. సంఖ్యలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూసేవారికి ఈ తేడా కనబడదు. ఆ దేశంలో మీరు ఏ హోదాలో ఉంటున్నారు, ఉంటున్న ఇల్లు ఎవరిది, కోత తరువాత చేతికి వచ్చిన సరుకు ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే మొక్కల సంఖ్య గురించి మాట్లాడుకోవడం అర్థవంతంగా ఉంటుంది.

ఇందులో సాగు మెలకువలేవీ లేవు. ఏ చట్టం ఎవరికి ఎంతవరకు వర్తిస్తుంది, ఏ దారి ఎంచుకుంటే ఏ చిక్కు వస్తుంది అన్నంతవరకే నా ప్రయత్నం. సొంత కేసు ఏదైనా ఉంటే దానికి ఈ వ్యాసం చాలదు, లాయరును కలవవలసిందే.

ముందుగా మన దేశం సంగతి

భారతదేశంలో ఇంటి సాగు అనే ఎంపికే లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచే చట్టం, తన 8వ సెక్షన్‌లో గంజాయి మొక్క సాగును నిషేధించింది. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక్కడ చదువుకున్నవారు కూడా పొరబడుతూ ఉంటారు. గంజాయి 1 కిలో వరకు ఉంటే ‘స్వల్ప పరిమాణం’ అని, 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’ అని చట్టం విడదీస్తుంది కనుక, కుండీలో ఉన్న ఒక్క మొక్క కిలో తూగదు కాబట్టి అది చిన్న కేసే అవుతుందని వారి లెక్క. కాని ఆ పరిమాణాల లెక్క దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం, రవాణా చేయడం వంటి పనులకు సంబంధించినది. సాగుకు విధించే శిక్ష అదే సెక్షన్‌లో వేరే ఉపవిభాగంలో ఉంది, అక్కడ బరువు ప్రసక్తే లేదు. పాడేరు మన్యంలో ఎకరాల తోట వేసినా, హైదరాబాదులో అపార్టుమెంటు బాల్కనీలో కుండీ పెట్టినా చట్టం ముందు అది సాగే.

గింజలు, పూత లేని ఆకులు గంజాయి నిర్వచనంలోకి రావు అన్న మాట కూడా వినబడుతుంది. ఆ మాట నిజమే, భంగు చర్చ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అయితే ఆ గింజ మొలిచి మొక్కయిన క్షణం నుంచి అది నిషిద్ధమైన మొక్క. ఉత్తరాఖండ్ వంటి రాష్ట్రాలు ఇచ్చే లైసెన్సులు నార కోసం, గింజల కోసం, మత్తు పదార్థం అతి తక్కువగా ఉండే రకాలకు ఇచ్చేవి. ఇంటి వాడకానికి వాటితో సంబంధం లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలను నరికివేయించారు. ఆ పంట వెనుక ఉన్న పెట్టుబడి మైదానంలోని వ్యాపారులది, జైళ్లకు వెళ్లినవారిలో ఎందరో కొండల మీది రైతులు, మూటలు మోసిన కుర్రవాళ్లు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. విదేశంలో చట్టబద్ధమైన మొక్కను చూసి వచ్చిన ధైర్యాన్ని సెలవులలో ఊరికి మోసుకుపోకూడదని నేను అంత గట్టిగా చెప్పడానికి అది కూడా ఒక కారణం.

జర్మనీ: ఒకే చట్టంలో రెండు దారులు, పక్కన మూడోది

జర్మనీ చట్టం 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 18 ఏళ్లు నిండిన వ్యక్తి తన నివాసంలో, తన సొంత వాడకం కోసం, ఏకకాలంలో మూడు మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఇంట్లో ఎండిన సరుకు 50 గ్రాముల వరకు, బయటికి వెళ్లినప్పుడు 25 గ్రాముల వరకు ఉండవచ్చు. పౌరసత్వంతో ఇక్కడ పని లేదు. అయితే కనీసం ఆరు నెలలుగా జర్మనీలో నివాసమో, స్థిరమైన ఉనికో ఉండాలన్న షరతు ఉంది. అక్టోబరులో విమానం దిగిన విద్యార్థి నవంబరులో కుండీ కొంటే అది నేరమే అవుతుంది. ఎప్పటి నుంచి ఉంటున్నారో చూపించుకోవడానికి విద్యార్థుల దగ్గర ఉండే తేలికైన కాగితం ఆన్‌మెల్డుంగ్, అంటే మునిసిపాలిటీలో చిరునామా నమోదు చేయించుకున్న పత్రం. మొదటి రెండు నెలలు స్నేహితుల గదులలో సర్దుకుని, చిరునామా ఆలస్యంగా నమోదు చేయించుకునేవారు మన పిల్లలలో ఎక్కువ కనుక, ఆ కాగితం మీది తేదీ నుంచే ఆరు నెలలు లెక్కపెట్టుకోమని నేను చెబుతాను.

పరిమితి మనిషికి లెక్క, ఇంటికి కాదు. కాబట్టి ముగ్గురు పెద్దవాళ్లు కలిసి ఉండే డబ్ల్యూజీలో, అంటే తలా ఒక గది తీసుకుని పంచుకునే అద్దె ఇంట్లో, తొమ్మిది మొక్కలు ఉండవచ్చు, కాని ఏ మూడు ఎవరివో స్పష్టంగా తెలియాలి. పిల్లలకు గాని, ఇతరులకు గాని అందకుండా భద్రపరచాలన్నది చట్టం పెట్టిన బాధ్యత. గదికి తాళం ఉండడం ఇక్కడ సౌకర్యం కోసం అనుకోకూడదు, మొక్క యజమాని బాధ్యత నెరవేర్చాడా లేదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. అందరూ తిరిగే వంటగదిలో, కింది అంతస్తు నుంచి చేయి చాపితే అందే బాల్కనీలో పెట్టడం ఈ బాధ్యతకు విరుద్ధం.

అసలు చిక్కు మూడు మొక్కలకూ 50 గ్రాములకూ మధ్య ఉంది. నాతో పాటు ఒకే ఇంట్లో అద్దెకు ఉన్న ఒకతను ఎంతో శ్రద్ధగా మూడు మొక్కలు పెంచాడు. శరదృతువులో మొదటిదాన్ని కోసి ఎండబెట్టి, పిండి తూచుకునే వంటింటి తక్కెడ మీద పెట్టాడు. 46 గ్రాములు చూపించింది. కిటికీ దగ్గర మిగిలిన రెండు మొక్కలు నిండుగా పూసి ఉన్నాయి. తక్కెడ అంకె మీద నుంచి అతని చూపు ఆ కుండీల మీదికి, మళ్లీ అంకె మీదికి తిరుగుతూ ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంటి సాగు నుంచి వచ్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకోదు, ఉచితంగా ఇచ్చినా సరే. 50 గ్రాములు దాటి 60 వరకు ఉంటే జరిమానాతో పోయే ఉల్లంఘన, 60 దాటితే మూడేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశమున్న నేరం. బయట దగ్గర ఉంచుకున్నప్పుడు ఇదే గీత 25 గ్రాముల దగ్గర, ఆపైన 30 గ్రాముల దగ్గర ఉంటుంది. నాలుగో మొక్క కూడా నేరమే. చివరికి అతను ఆ రెండు మొక్కలనూ ముక్కలుగా నరికి, వాడేసిన కాఫీ పొడితో కలిపి చెత్తలో వేశాడు. మూడు మొక్కలకు అనుమతి ఉందన్న మాట విని కుండీలు కొనేవారికి, ఒక్క మొక్కతోనే ఇంటి పరిమితి నిండిపోవచ్చని ఎవరూ ముందుగా చెప్పరు.

రెండో దారి సాగు సంఘం. 2024 జూలై 1 నుంచి ఈ సంఘాలు లైసెన్సు తీసుకుని తమ సభ్యుల కోసం ఉమ్మడిగా పెంచవచ్చు. ఒక సంఘంలో 500 మందికి మించి ఉండకూడదు, ఒక మనిషి ఒకే సంఘంలో సభ్యుడు కావాలి, సభ్యత్వం కనీసం మూడు నెలలు ఉండాలి, ఇక్కడ కూడా ఆరు నెలల నివాసం తప్పనిసరి. సభ్యుడికి రోజుకు 25 గ్రాములు, నెలకు 50 గ్రాములు దాటి ఇవ్వరు. 18 నుంచి 21 ఏళ్ల మధ్య వారికి నెలకు 30 గ్రాములే, అది కూడా మత్తునిచ్చే టీహెచ్‌సీ 10 శాతం లోపు ఉన్నదే ఇస్తారు. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కనుక చట్టం ఈ జాగ్రత్త పెట్టింది. ఇంట్లో పెంచుకున్నదానికి ఇలాంటి కట్టడి పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు, ఎంత ఘాటు ఉందో తూచి చూసే యంత్రం వంటింట్లో ఉండదు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇంటి మొక్క కంటే సంఘమే మేలని నేను అనడానికి ఇదే ప్రధాన కారణం. సంఘం ఆవరణలో వాడకూడదు, పోస్టులో తెప్పించుకోకూడదు, స్వయంగా వెళ్లి తెచ్చుకోవాలి. సభ్యులు పనిలో పాలుపంచుకోవాలన్న నియమం కూడా ఉంది కనుక చందా కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు.

ఇంట్లోనే పెంచాలనుకునేవారు గింజలను యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి తెప్పించుకోవచ్చు. లేదా సంఘం నుంచి నెలకు ఏడు గింజలో, ఐదు అంటు మొక్కలో తీసుకోవచ్చు, దానికి సభ్యత్వం అక్కరలేదు.

మూడో దారి వైద్యుడి చీటీ. వైద్య అవసరానికి వాడే గంజాయికి వేరే చట్టం ఉంది, 2024 ఏప్రిల్ నుంచి దానికి మత్తుమందులకు వాడే ప్రత్యేక చీటీ అవసరం లేదు, ఫార్మసీలో మామూలు చీటీతో దొరుకుతుంది. నిజంగా దీర్ఘకాలిక నొప్పితోనో, మరే వ్యాధితోనో బాధపడేవారు సొంతంగా మొక్క పెంచి మోతాదు ఊహించుకోవడం కంటే ఈ దారిలో వెళ్లడం ఎంతో నయం. జబ్బు లేనివారికి ఇది దారి కాదు.

పై మూడింటిలో ఏది ఎంచుకున్నా రోడ్డు నియమం ఒక్కటే. 2024 ఆగస్టు నుంచి వాహనం నడిపేవారి రక్తరసంలో టీహెచ్‌సీ మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములు దాటకూడదు. లైసెన్సు వచ్చి రెండేళ్లు కానివారికి, 21 ఏళ్ల లోపు వారికి ఆ వెసులుబాటు కూడా లేదు. పాఠశాలలు, ఆటస్థలాలు కనబడే దూరంలో, అంటే ద్వారం నుంచి 100 మీటర్ల లోపు, వాడడం నిషిద్ధం. నడకదారులుగా కేటాయించిన వీధులలో ఉదయం 7 నుంచి రాత్రి 8 వరకు నిషిద్ధం. పౌరసత్వం కోసం ఎదురుచూసేవారు ఇంకొకటి గమనించాలి: జర్మనీ కోర్టులు జరిమానాను ఇన్ని రోజుల ఆదాయం అన్న లెక్కన వేస్తాయి, అది 90 రోజులకు మించితే ఆ దరఖాస్తుకు అడ్డు పడుతుంది. 27 గ్రాములతో పట్టుబడితే పోయేది డబ్బు, 35 గ్రాములతో పట్టుబడితే పడేది క్రిమినల్ కేసు.

కెనడా: ఇంటికి నాలుగు, కాని ఏ రాష్ట్రంలో?

కెనడా చట్టం 2018 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. ఇక్కడ పరిమితి ఇంటికి నాలుగు మొక్కలు. ఒకే బేస్‌మెంటులో ఆరుగురు కుర్రవాళ్లు సర్దుకుని ఉండే బ్రాంప్టన్ ఇళ్లలో అందరికీ కలిపి నాలుగే. పైన యజమాని కుటుంబం కూడా పెంచుకుంటూ ఉంటే, పైదీ కిందదీ చట్టం దృష్టిలో ఒకే ఇల్లా, రెండు ఇళ్లా అన్న ప్రశ్న వస్తుంది. అటువంటి చోట అద్దెకున్నవాడు పెంచకపోవడమే క్షేమం.

కనీస వయసు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: అంటారియోలో, బ్రిటిష్ కొలంబియాలో 19, అల్బర్టాలో 18, క్యూబెక్‌లో 21. క్యూబెక్ ఇంటి సాగును పూర్తిగా నిషేధించింది. ఫెడరల్ చట్టం ఒప్పుకున్నదాన్ని రాష్ట్రం నిషేధించవచ్చా అన్న వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 2023 ఏప్రిల్‌లో ఆ నిషేధం చెల్లుతుందని తీర్పు వచ్చింది. అందువల్ల మాంట్రియల్‌లో చదివేవారు టొరంటో స్నేహితుల మాట విని కుండీ పెట్టడం తప్పు. బ్రిటిష్ కొలంబియాలో మొక్కలు వీధిలోకి కనబడకూడదు, పిల్లల సంరక్షణ కేంద్రం నడిపే ఇంట్లో అసలే ఉండకూడదు.

జర్మనీలో లేని వెసులుబాటు ఒకటి కెనడాలో ఉంది. పెద్దవాళ్లు ఒకరికొకరు 30 గ్రాముల వరకు ఉచితంగా ఇచ్చుకోవచ్చు. అందుచేత కోత ఎక్కువ వస్తే ఏం చేయాలన్న బెంగ ఇక్కడ తక్కువ. అమ్మడం మాత్రం 14 ఏళ్ల వరకు జైలుకు అవకాశమున్న నేరం, పరిమితికి మించి పెంచడం కూడా ఆ స్థాయికి వెళ్లగలదు. ఇక్కడే మన విద్యార్థులూ, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవారూ ఆగి ఆలోచించాలి. కెనడా వలస చట్టం, గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు గాని అంతకు మించి గాని ఉండే నేరంలో దోషిగా తేలినవారిని ‘తీవ్ర నేరం’ వర్గంలో చేరుస్తుంది. నిజంగా పడిన శిక్ష చిన్న జరిమానా అయినా, ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షనే చూస్తారు. మత్తులో వాహనం నడపడానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబరులో 10 ఏళ్లకు పెంచారు కనుక అది కూడా ఈ వర్గంలోకే వచ్చింది. నాలుగు మొక్కలు పెంచినందుకు ఎవరూ పీఆర్ పోగొట్టుకోరు. ఆ మొక్కల నుంచి వచ్చినదాన్ని స్నేహితుడికి 20 డాలర్లకు ఇచ్చినందుకు, లేదా దాన్ని తీసుకుని మత్తులో కారు నడిపినందుకు పోగొట్టుకునే అవకాశం ఉంది.

అద్దె ఒప్పందంలో సాగు నిషేధం రాసి ఉంటే ఫెడరల్ చట్టం ఇచ్చిన అనుమతి దాన్ని కొట్టివేయదు. కాండోలకు కూడా ఇదే వర్తిస్తుంది.

అమెరికా: రాష్ట్రం చేతిలో అనుమతి, ఫెడరల్ చేతిలో వీసా

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. కాలిఫోర్నియాలో 2016 నవంబరులో ప్రజల ఓటుతో వచ్చిన చట్టం 21 ఏళ్లు నిండినవారికి ఇంటికి ఆరు మొక్కలు అనుమతించింది. నగరాలు ఆరుబయట సాగును నిషేధించవచ్చు గాని ఇంటి లోపల సాగును పూర్తిగా ఆపలేవు. న్యూయార్క్‌లో మనిషికి ఎదిగినవి మూడు, ఎదుగుతున్నవి మూడు, ఇంటికి మొత్తం ఆరు, ఆరు. మసాచుసెట్స్‌లో మనిషికి ఆరు, ఇంటికి పన్నెండు. వర్జీనియాలో 2021 జూలై నుంచి ఇంటికి నాలుగు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సస్‌లో ఒక్కటి కూడా లేదు.

పొరబడడానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది న్యూజెర్సీలోనూ, వాషింగ్టన్ రాష్ట్రంలోనూ. రెండు చోట్లా వీధిలో దుకాణం తెరిచి అమ్ముతూ ఉంటారు, వాషింగ్టన్‌లో 2014 నుంచి, న్యూజెర్సీలో 2022 నుంచి. కొనడం చట్టబద్ధమైతే పెంచడం కూడా అంతేననుకోవడం సహజం. కాని న్యూజెర్సీలో ఇంట్లో ఒక్క మొక్క పెంచడం నేరం, వాషింగ్టన్‌లో వైద్య అనుమతి పొందిన రోగులకు తప్ప మిగిలినవారికి అంతే. ఇల్లినాయిస్‌లో కూడా ఇంటి సాగు రోగులకే పరిమితం.

ఇదంతా రాష్ట్రాల మాట. ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థం, దాన్ని పెంచడం ‘తయారీ’ అనే నేరం. ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకునేవారిమీద ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టడం అరుదు కాబట్టి అమెరికా పౌరులు నిశ్చింతగా ఉంటారు. వీసా మీద ఉన్నవారికి ఆ నిశ్చింత లేదు, ఎందుకంటే ఇమ్మిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానిది, అది రాష్ట్రం ఇచ్చిన అనుమతిని లెక్కలోకి తీసుకోదు. ఎఫ్‌-1 విద్యార్థి, హెచ్‌-1బి ఉద్యోగి, హెచ్‌-4 మీద ఉన్న భార్య లేదా భర్త, చివరికి గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా ఈ గీతకు ఇటువైపే ఉన్నారు.

చట్టం చెప్పేది ఎంత కఠినమో వివరంగా చూడాలి. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు కోర్టులో రుజువు కానవసరం లేదు. ఆ నేరానికి సరిపడే పనులు చేశానని అధికారి ముందు ఒప్పుకున్నా ప్రవేశానికి అనర్హత రావచ్చు. గ్రీన్ కార్డు, పౌరసత్వం దరఖాస్తులలో దీని గురించి నేరుగా ప్రశ్న ఉంటుంది. అబద్ధం చెబితే అది మరో పెద్ద తప్పవుతుంది. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ విభాగం, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నప్పటికీ గంజాయికి సంబంధించిన పనులు ‘సత్ప్రవర్తన’కు అడ్డు కావచ్చునని స్పష్టంగా ప్రకటించింది. దేశం నుంచి పంపివేసే నిబంధనలో, సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఒకే ఒక్కసారి దగ్గర ఉంచుకున్నవారికి చిన్న మినహాయింపు ఉంది. మొక్క పెంచడం దగ్గర ఉంచుకోవడం కిందికి రాదు కనుక ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోకూడదు.

వర్జీనియా చట్టంలోని ఒక చిన్న నియమం చూస్తే ఈ రెండు చట్టాల మధ్య మన మనిషి ఎలా చిక్కుకుంటాడో అర్థమవుతుంది. అక్కడ పెంచే ప్రతి మొక్కకూ ఒక చీటీ కట్టాలి. దానిమీద పెంచేవారి పేరు, డ్రైవింగ్ లైసెన్సు లేదా గుర్తింపు కార్డు సంఖ్య, ఇది సొంత వాడకానికే పెంచుతున్నాను అన్న మాట ఉండాలి. రాష్ట్రం దృష్టిలో ఆ చీటీ రక్షణ. హెర్న్‌డన్‌లో ఉంటున్న హెచ్‌-1బి ఉద్యోగి విషయంలో, ఫెడరల్ నేరాన్ని తన పేరుతో, తన లైసెన్సు సంఖ్యతో, తన చేతిరాతతో రాసి కొమ్మకు కట్టుకున్నట్టే. చీటీ కట్టకపోతే రాష్ట్ర చట్టం తప్పుతాడు, కడితే ఫెడరల్ సాక్ష్యం తయారవుతుంది.

గ్రీన్ కార్డు క్యూలో ఎన్నో ఏళ్లుగా నిలబడి, పిల్లల చదువులు, ఇంటి అప్పు అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. వారికి నా సలహాలో షరతులేవీ లేవు: పౌరసత్వ ప్రమాణం చేసే రోజు వరకు ఏ రాష్ట్రంలోనూ ఒక్క మొక్క కూడా వద్దు. ఇంట్లో ఒకరు పౌరులై, మరొకరు కాకపోతే మొక్కలు పౌరుడివేనని చెప్పుకోవచ్చు గాని, నీళ్లు పోసేది ఎవరు, ఇల్లు ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్నలు వస్తాయి. అటువంటి ఇంట్లో కూడా వద్దనే అంటాను. పౌరులైన స్నేహితులు పెంచే ఇంట్లో గది అద్దెకు తీసుకున్న విద్యార్థికి వీలైతే వేరే ఇల్లు చూసుకోమని చెబుతాను. అది కుదరకపోతే ఆ మొక్కలను ముట్టుకోకుండా, వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగకుండా ఉండాలి. అమెరికా సరిహద్దులో అధికారులకు ఫోన్ తెరిచి చూసే అధికారం ఉంది. నెవార్క్‌లో దిగిన కుర్రవాడి ఫోన్‌లో ఆకుపచ్చని ఆకుల మధ్య నవ్వుతున్న బొమ్మ కనబడితే, తరువాతి ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

పౌరులైనవారిలో కూడా ఫెడరల్ ఉద్యోగులు, భద్రతా అనుమతి అవసరమైన కాంట్రాక్టులలో పనిచేసేవారు ఇదే జాగ్రత్త తీసుకోవాలి. మిగిలిన పౌరులకు మిగిలేవి అద్దె ఒప్పందం, ఇళ్ల సంఘం నియమాలు, ఇంట్లో పిల్లలు. అవి చూసుకుంటే వారు రాష్ట్ర చట్టం ప్రకారం నడుచుకోవచ్చు.

ఎవరికి ఏది

ఈ మూడు దేశాలలో విదేశీయుడికి అందరికంటే స్పష్టంగా చోటిచ్చినది జర్మనీ చట్టమేనని నా అభిప్రాయం. అందులో ఆరు నెలల లెక్క ఉంది, గ్రాముల లెక్క ఉంది, ఏది జరిమానాతో పోతుందో, ఏది కోర్టుకు వెళుతుందో ముందుగానే తెలుస్తుంది. అక్కడ ఉన్నవారిలో వయసు 21 లోపు ఉన్నవారు, డబ్ల్యూజీలో తాళం లేని గదిలో ఉంటున్నవారు, హాస్టలు నియమావళి ఒప్పుకోనివారు, సెలవులలో రెండు నెలలు ఊరికి వచ్చే అలవాటు ఉన్నవారు సాగు సంఘం వైపు చూడడం మంచిది. తాళం వేసి వెళ్లిన గదిలో మొక్క బతకదు, తాళంచెవి మిత్రుడికి ఇస్తే ఇతరులకు అందకుండా చూడాలన్న బాధ్యత ప్రశ్నార్థకమవుతుంది. సొంత తాళం, ఓపిక ఉండి, ఇంటి యజమానితో మాట్లాడుకున్నవారు ఇంట్లో పెంచుకోవచ్చు, కాని మూడుకు బదులు ఒకటే పెట్టమంటాను. వంటింటి తక్కెడ మీద నేను చూసిన 46 గ్రాముల అంకే దానికి కారణం.

కెనడాలో సొంత ఇల్లు ఉండి, క్యూబెక్ బయట ఉన్నవారికి ఇంటి సాగులో పెద్ద ఇబ్బంది లేదు. బేస్‌మెంటులో ఉన్న విద్యార్థికి మాత్రం లైసెన్సున్న దుకాణం నుంచి కొనుక్కోవడమే సులభమైన దారి, బిల్లు దాచుకుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించవచ్చు. అమెరికాలో వీసా మీద ఉన్నవారికి ఆ దుకాణం కూడా దారి కాదు, ఎందుకంటే ఫెడరల్ చట్టం దృష్టిలో కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా ఉల్లంఘనలే.

చివరగా ప్రయాణం. ఏ దేశంలో చట్టబద్ధంగా పెంచినదైనా ఆ దేశం సరిహద్దు దాటించకూడదు. జర్మనీ నుంచి నెదర్లాండ్స్‌కు రైలులో వెళ్లినా, విండ్సర్ నుంచి డెట్రాయిట్‌కు వంతెన మీద వెళ్లినా ఇదే నియమం. మన ఊరి విమానాలలో చాలా వరకు దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వస్తాయి, ఆ దేశాల చట్టాలు ఈ విషయంలో ఎంతో కఠినం. శంషాబాద్‌లో దిగాక వర్తించేది ఎన్‌డీపీఎస్. సూట్‌కేసు సర్దుకునే ముందు రోజు చలికోటు జేబులు, వీపు సంచి అడుగున ఉండే చిన్న అరలు, పొగాకు డబ్బా, గింజలు వచ్చిన కాగితపు పొట్లం అన్నీ తిరగేసి, దులిపి చూసుకోవాలి. కోటు డ్రైక్లీనింగుకు ఇచ్చి తెచ్చుకున్నది అయినా సరే, జేబు లోపలి గుడ్డను బయటికి లాగి చూడాలి.